పండుగబ్బిలాలలో కొత్త వైరస్‌ల అన్వేషణ – విస్తరణ సిబ్బంది గ్రహించవలసిన అంశాలు

గబ్బిలం కొరికిన జామపండు తినవచ్చునా? అల్వాల్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు రైతు ఈ ప్రశ్న వేసినపుడు శాస్త్రజ్ఞుడు సూటిగా సమాధానం చెప్పగలగాలి. అందుకు ముందు, వైరస్‌ను కనుగొనడం అంటే ఏమిటో తెలియాలి.

మన చెట్లపై గుంపులుగా వ్రేలాడే పెద్ద పండుగబ్బిలం శాస్త్రీయ నామం టెరోపస్ మీడియస్. బంగ్లాదేశ్‌లో ఇదే జాతిపై జరిపి, 2013లో ప్రచురించిన పరిశోధనలో 9 కుటుంబాలకు చెందిన 55 వైరస్‌లు గుర్తించబడినవి. ఒక్కొక్క వైరస్ కుటుంబానికి ఉమ్మడిగా ఉండే జన్యుభాగాన్ని పీసీఆర్ పద్ధతిలో వృద్ధిచేసి, దాని క్రమాన్ని తెలిసిన వైరస్‌ల క్రమాలతో పోల్చారు. ఇట్లు లభించేది జన్యుక్రమంలో ఒక చిన్న తునక మాత్రమే. అది సజీవ వైరస్ కాదు, మనిషికి సోకుతుందనుటకు నిదర్శనమూ కాదు. సజీవ వైరస్‌ను కణవర్ధనంలో వేరుచేయడం కష్టసాధ్యం. మహారాష్ట్రలో 2010లో సేకరించిన రౌసెట్టస్ గబ్బిలాల నుండి మల్సూర్ వైరస్‌ను పుణె జాతీయ వైరాలజీ సంస్థ ఇట్లే వేరుచేసినది.

మలేసియాలోని టియోమన్ దీవిలో నిపా కోసం వెదకుతూ, చెట్ల క్రింద ప్లాస్టిక్ పట్టాలు పరచి గబ్బిలాల మూత్రాన్ని సేకరించారు. నిపాతోపాటు టియోమన్ అనే కొత్త వైరస్ కూడా బయటపడినది. సగం తిన్న పండు నుండి సైతం సజీవ నిపా వైరస్ లభించినది. రైతు ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉన్నది: కొరికిన పండును మనం తినరాదు, పందులకూ వేయరాదు. 1998–99లో మలేసియాలో వ్యాధి మనుషులకు చేరినది పందుల ద్వారానే.

2020లో ప్రచురితమైన జాతీయ వైరాలజీ సంస్థ అధ్యయనంలో కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్ ప్రదేశ్ గబ్బిలాలలో కరోనా వైరస్‌లు కనిపించగా, తెలంగాణ నమూనాలలో కనిపించలేదు. దీనితో నిశ్చింత పడరాదు. గబ్బిలాలు వైరస్‌ను ఎల్లవేళలా విసర్జించవు. ఒకనాటి నమూనా ఆనాటి స్థితినే తెలుపును.

మన ప్రాంతంలో అంతకంటె శ్రద్ధ వహించవలసినది ఈత చెట్టు విషయంలో. బంగ్లాదేశ్‌లో నిపా ప్రధానంగా పచ్చి ఈత రసం ద్వారా సోకినది. పులిసిన కల్లు త్రాగినవారిలోనూ కేసులు నమోదైనవి. కాబట్టి పులిస్తే దోషం పోవునన్న నమ్మకం సరికాదు. గీసిన చోటును, లొట్టిని కప్పి వెదురు తడక కట్టడం అక్కడ ఫలితమిచ్చినది. ఖర్చు స్వల్పమే గనుక గీత కార్మికులకు దీనిని క్షేత్రంలో చేసి చూపడం మేలు.

గబ్బిలాలను చంపమని మాత్రం సలహా ఇవ్వరాదు. ఉగాండాలోని కిటాకా గనిలో వాటిని నిర్మూలించిన తరువాత, తిరిగి చేరిన గుంపులో మార్బర్గ్ వైరస్ సోకినవాటి శాతం మునుపటికంటె పెరిగినది.