లెక్క తప్పకూడదు

సంక్రాంతికి కూతురు ఇంటికి వచ్చింది. ఆమె పట్నంలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ శిక్షణ పొందుతోంది. అది రెండేళ్ల చదువు. ఒక ఏడాది అయిపోయింది.

పక్కింటామె చూడడానికి వచ్చింది. అరుగు మీద కూర్చుంది.

"ఏమ్మా, నువ్వు డాక్టరు చదువుతున్నావా? నర్సు చదువుతున్నావా?" అని అడిగింది.

"రెండూ కాదత్తా. ఆపరేషన్ చేసేది డాక్టరు. మత్తు ఇచ్చేది మత్తు డాక్టరు. ఆపరేషన్ గదిని సిద్ధం చేసేదీ, డాక్టరు చేతికి సామాను అందించేదీ మేము. కొన్ని ఆసుపత్రుల్లో ఈ పని నర్సులే చేస్తారు" అంది కూతురు.

"సామాను అందించడానికి రెండేళ్లు చదవాలా?" అని పక్కింటామె నవ్వింది.

కూతురు కూడా నవ్వింది. తన పని గురించి చెప్పసాగింది.

శుభ్రం

ఆపరేషన్‌కు ముందే పని మొదలవుతుంది. కత్తెరలు, పటకార్లు బాగా కడగాలి. రక్తం అంటుకొని ఉంటే దాని చాటున క్రిములు బతుకుతాయి. కడిగిన సామానును గుడ్డలో మూట కట్టి ఆవిరి యంత్రంలో పెట్టాలి. దాని పేరు ఆటోక్లేవ్. అది మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆటోక్లేవ్‌లో ఆవిరి వేడి 121 డిగ్రీలు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఆ వేడికి క్రిములు చస్తాయి.

మూట మీద ఒక పట్టీ అంటిస్తారు. వేడి తగిలితే దాని మీద నల్లని చారలు వస్తాయి. చారలు రాని మూటను వాడకూడదు.

తర్వాత చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కోవాలి. గౌను, గ్లౌజులు వేసుకోవాలి. ఇక ముక్కు దురద పెట్టినా ముట్టుకోకూడదు. చేతులు నడుము కిందికి దించకూడదు. చెయ్యి ఎక్కడైనా తగిలితే, ఎవరూ చూడకపోయినా చెప్పాలి. గ్లౌజులు మార్చుకోవాలి.

లెక్క

"అన్నిటికన్నా పెద్ద పని లెక్క" అంది కూతురు.

రక్తం అద్దడానికి గుడ్డలు వాడతారు. ఇద్దరు కలిసి, పైకి చెబుతూ, వాటిని లెక్కపెట్టాలి. సూదులూ పటకార్లూ కూడా లెక్కపెట్టాలి. ఆ లెక్కను బోర్డు మీద రాయాలి. కోయకముందు ఒకసారి, కడుపు కుట్టే ముందు ఒకసారి, చివర మరోసారి లెక్క చూడాలి.

"ఒకరోజు నర్సమ్మా నేనూ లెక్కపెట్టాం. బోర్డు మీద 30 అని ఉంది. మాకు 29 వచ్చాయి. డాక్టరు కుట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు కాళ్లు వణికాయి. అయినా, 'సార్, ఒక గుడ్డ తగ్గింది' అన్నాను."

"తిట్టారా?"

"లేదత్తా. మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ 29. ఆయన ఆగి వెతికారు. గుడ్డ కడుపులోనే ఉంది. రక్తంలో తడిసిన గుడ్డకూ, లోపలి కండకూ తేడా కనపడదు. అది లోపలే ఉండిపోతే చీము పడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది."

పక్కింటామె నవ్వు ఆగిపోయింది.

తల్లి మెల్లగా అంది: "మా సంఘం పుస్తకం కూడా అంతే. పది రూపాయలు తేడా వస్తే ఎవరం లేవం. నేను వేలిముద్ర వేసిన రోజుల్లో ఎవరు ఎంత చెబితే అంతే అనుకునేదాన్ని."

పక్కింటామె కొంగు ముడి

పక్కింటామె కొంగు ముడి విప్పింది. అందులో డబ్బు ఉంది.

"మా పిల్ల ఈ ఏడు పది రాస్తుంది. ఒకాయన వచ్చాడు. పది పాసైతే చాలట. ఆరు నెలల్లో నీ చదువే చెప్పి సర్టిఫికెట్ ఇస్తాడట. బయానా ఇవ్వమన్నాడు" అంది.

"ఇవ్వకత్తా" అంది కూతురు. "2021లో దీనికి చట్టం వచ్చింది. ఈ చదువు కనీసం 2000 గంటలు ఉండాలి. అదీ రెండేళ్లకు తగ్గకూడదు. ఆరు నెలల్లో ఎట్లా అవుతుంది? ముందు ఇంటర్ చదవాలి. బై.పి.సి. తీసుకుంటే మంచిది. ఆ తర్వాత డిప్లొమా చేయవచ్చు. డిగ్రీ కూడా ఉంది."

"కాలేజీ మంచిదో కాదో మనకెట్లా తెలుస్తుంది?"

"మూడు మాటలు అడుగు. ప్రభుత్వ గుర్తింపు కాగితం ఏది? పని నేర్పేది ఏ ఆసుపత్రిలో? ఫీజుకు రసీదు ఇస్తారా? చెప్పిన మాట నిజమో కాదో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో కనుక్కో. కాగితం చదవకుండా సంతకం పెట్టకు."

పక్కింటామె డబ్బు లెక్కపెట్టింది. మళ్లీ కొంగున కట్టింది.

"ఈ డబ్బు ఇంటర్‌కు పనికొస్తుంది. వదినా, రేపు ఆయన వస్తాడు. కాగితం చదవడానికి నువ్వు నా పక్కన ఉండు" అంది.

"ఉంటాను. నువ్వూ చదువు. ఇద్దరం చదివితేనే లెక్క సరిపోతుంది" అంది తల్లి.

ఆలోచించండి, చెప్పండి

1. మూట మీద పట్టీ ఎందుకు అంటిస్తారు?
2. గుడ్డలను ఎప్పుడెప్పుడు లెక్కపెట్టాలి?
3. ఒక గుడ్డ తగ్గినప్పుడు ఆ అమ్మాయి భయపడి ఊరుకుంటే ఏమయ్యేది?
4. కాలేజీలో డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలి? మీ నోటు పుస్తకంలో రాయండి.