పూర్ణా మార్కెట్‌లో ఒక లెక్కల పాఠం

తరగతి గదిలోకి తెర వచ్చింది, కంప్యూటరు వచ్చింది. జేబులోకి ఫోను వచ్చింది. ఇక చదువు దానంతటదే బాగుపడుతుందని కొందరంటారు. పిల్లలు పాడైపోతున్నారని మరికొందరంటారు. రెండూ తొందరపాటు మాటలే. పరికరంతో మనం ఏ పని చేయిస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సాయంతో మన దేశంలో ‘సైట్’ అనే టెలివిజన్ ప్రయోగం జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఉదయం పూట బడిపిల్లల కార్యక్రమాలు వచ్చేవి. అది ఘనకార్యమే. కాని “నాకు అర్థం కాలేదు” అని పిల్లవాడు అంటే పెట్టె వినదు కదా!

నేటి ఫోను రెండువైపులా పనిచేస్తుంది. ఆ సౌకర్యం ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణ చూద్దాం.

తొమ్మిదో తరగతిలో ‘సగటు’ పాఠం అనుకోండి. అయిదుగురికి ఒక ఫోను చాలు. రద్దీ లేని వేళ పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, అమ్మేవారిని మర్యాదగా అడిగి, అయిదు దుకాణాల్లో టమాటా ధర రాసుకు వచ్చారు: 30, 30, 32, 34, 64 రూపాయలు. స్ప్రెడ్‌షీట్‌లో వేయగానే సగటు 38 అని వచ్చింది. కాని అయిదింట నాలుగు దుకాణాల్లో ధర అంతకన్నా తక్కువే! వరుసలో నడిమి విలువ, అంటే మధ్యగతం, 32. ఒక్క పెద్ద అంకె సగటును ఎలా లాగేస్తుందో పిల్లలు కళ్లారా చూశారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి, పొద్దున్నే తల్లికి సాయంగా దుకాణం సర్ది బడికి వచ్చే కుర్రాడు లేచాడనుకోండి: “మేష్టారూ, అరవై నాలుగు కేజీ రేటు కాదండి, రెండు కేజీలదై ఉంటుంది!”

మళ్లీ వెళ్లి అడిగితే అదే నిజమైంది. 64 స్థానంలో 32 వేస్తే సగటు 31.6, మధ్యగతం మాత్రం 32 దగ్గరే ఉంది. యంత్రం లెక్క తప్పలేదు. తప్పు మనం ఇచ్చిన అంకెలో ఉంది. దాన్ని పట్టుకున్నది బజారు తెలిసిన పిల్లవాడు. ఏళ్ల తరబడి తన బతుక్కీ పుస్తకానికీ సంబంధం లేదనుకున్నవాడు ఆ రోజు తరగతికే పాఠం చెప్పాడు.

అదే లెక్కను రంగురంగుల తెరమీద చూపించి ఊరుకుంటే, అతను లేచేవాడు కాదు. ఖరీదైన పరికరం పెట్టి కూడా మనం 1975 నాటి పెట్టె ముందే కూర్చున్నట్టు.

మిత్రులారా! రేపు మనలో ఎందరో ఉపాధ్యాయులు కాబోతున్నాం. ఏ కొత్త పరికరం చేతికొచ్చినా ముందు ఒక్కటి అడుగుదాం: దీనివల్ల వెనక బెంచీ కుర్రాడి మాట నాకు వినబడుతుందా? వినబడితే అది బోధనోపకరణం. లేకపోతే నల్లబల్లా, సుద్దముక్కా నయం.