అంతస్తుల యింటిలో రేడియో గ్రాహకము

చేతిలో ఫోను ఉండగా పిల్లవాడు రేడియో కట్టుటవలన ప్రయోజనమేమని తల్లిదండ్రులు మమ్ము తరచుగా నడుగుచుందురు. ఫోనుకు స్తంభము వలయును, స్తంభమునకు విద్యుత్తు వలయును. 2004 డిసెంబరు 26న సునామీ అండమాను దీవులను ముంచినపుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున పోర్టుబ్లెయిరులోనున్న భారతీ ప్రసాద్ గారి బృందము అచ్చటి క్షేమవార్తలను ప్రధానభూమికి అందజేసెను.

ప్రసారము చేయుటకు ప్రభుత్వ పరీక్షయు, లైసెన్సును వలయును. పన్నెండేండ్లు నిండినవారు ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. వినుట దానికి మొదటి మెట్టు.

7.0 నుండి 7.2 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీ మనకు అనుకూలము. పగటివేళ హైదరాబాదు, బెంగళూరు వంటి చోట్ల మాటలును, రాత్రివేళ మరింత దూరపు మాటలును ఇందు వినవచ్చును. కాని సాధారణ రేడియోలో అవి బాతుల అరుపువలె నుండును. వాహకతరంగమును తీసివేసి ఒక ప్రక్కపట్టీని మాత్రమే పంపుదురు గనుక ఆ లోటును గ్రాహకమే పూరింపవలయును. రెండు తంబురా తీగెలు ఇంచుక శ్రుతి తప్పినచో వాని నడుమ ఒక ఊపు వినబడును గదా! యంత్రములోని డోలకము 7100 కిలోహెర్ట్జుల వద్దను, వచ్చు తరంగము 7099 వద్దను ఉన్నచో భేదము 1 కిలోహెర్ట్జు. అది చెవికి వినబడు ధ్వని. (పోలిక పూర్తిగా సరిపోదు. యంత్రములో ఆ రెంటిని గుణించు మిశ్రణి యుండవలయును.) ఎస్‌ఏ612 అను చిప్పు డోలకముగను, మిశ్రణిగను పనిచేయును, ఎల్‌ఎం386 ధ్వనిని పెంచును. 9 వోల్టుల బ్యాటరీ చాలును. మొదటి చిప్పు 8 వోల్టులకు మించి ఓర్వదు గాన దానికి 5 వోల్టుల రెగ్యులేటరు పెట్టవలయును.

చిక్కంతయు ఏరియలు వద్దనే. ఈ తరంగము పొడవు సుమారు 42 మీటర్లు. అందు సగమునకు 20 మీటర్ల తీగ కట్టవలయును. బాల్కనీలో అంత చోటెక్కడిది? ఒక మీటరు భుజముగల చదరపు కర్రచట్రముపై రాగితీగను ఒకే చుట్టు చుట్టి, దాని రెండు కొసలకు పాత ట్రాన్సిస్టరులోని గ్యాంగు కండెన్సరును చేర్చి, 100 పైకోఫారడ్లకు అటునిటు త్రిప్పినచో శ్రుతి కుదురును. లోపల ఐదవవంతు కొలతగల చిన్న చుట్టు నుంచి, దానినుండి యంత్రమునకు తీగ తీయవలయును.

ఇక మోత. ఎల్‌ఈడీ దీపములు, ఛార్జర్లు గరగరమని మాటలను మ్రింగివేయును. యంత్రము బ్యాటరీపై నడచుచుండగా ఇంటి మెయిను స్విచ్చిని ఒక్క నిమిషము ఆపివేయుడు. మోత తగ్గినచో దొంగ మన యింటనే యున్నాడు. ఒక్కొక్క ఛార్జరునే పీకి పట్టవచ్చును. తగ్గనిచో చట్రమును మెల్లగా త్రిప్పుడు; ఒక దిక్కున అది చాలవరకు అణగును. మా పిల్లలకు యంత్రము కట్టుటకంటె ఈ వెదకుటయే యెక్కువ నచ్చినది.

మేడపైన తీగ కట్టుదుమని వారు కోరుదురు. ఒప్పుకొనకుడు. మన వీధులలో విద్యుత్తు తీగెలు కొన్ని మేడల పిట్టగోడలకు చేతిదూరముననే పోవుచున్నవి. ఉరుములు వినబడినచో చట్రమును గూడ లోపల పెట్టవలయును. టంకము పెట్టునపుడు పెద్దవారొకరు ప్రక్కన నుండవలయును.

తెలుగున చదివినవాడు ఇట్టి పనులకు కొరగాడను మాట, 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన తరువాత పుట్టిన మేమును విన్నదే. డోలకమన నేమో తెలిసినవానికి ఆసిలేటరను పేరు ఒక్క పూటలో వచ్చును. పేరు మాత్రమే వచ్చినవాడు తీగను ఎన్ని చుట్లు చుట్టవలెనో చెప్పలేకున్నాడు.

అటకపై పాత ట్రాన్సిస్టర్లున్నచో పాతసామానువానికి వేయక బడికి పంపుడు. గ్యాంగు కండెన్సర్లు అంగళ్లలో దొరకుట కష్టమైనది.