వాచ్ "లేవండి" అంటే డిస్మిస్ కొట్టేస్తున్నారా? అయితే ఇది మీ కోసమే

పోయిన సంక్రాంతికి నాన్నతో కలిసి అలిపిరి మెట్లదారిలో తిరుమల ఎక్కాను. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికే నాకు ఊపిరి అందలేదు, వాచ్‌లో హార్ట్ రేట్ 170 దాటింది. నాన్న మాత్రం నీళ్ల బాటిల్ పట్టుకుని పైమెట్టు మీద నా కోసం ఎదురుచూస్తున్నారు. ఆయనకి 57, నాకు 26. ఆయన ఆర్టీసీ కండక్టర్, నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్.

"ఏరా, అంత ఖరీదైన వాచీ పెట్టుకున్నది ఇందుకేనా?" అన్నారు నవ్వుతూ. ఇంటికొచ్చి డేటా తీస్తే, ఆఫీసు రోజుల్లో నా సగటు 2,300 అడుగులే. గంటగంటకీ వచ్చిన రిమైండర్లన్నీ చూడకుండానే తీసేశాను.

డ్రైవరా, కండక్టరా?

లండన్ బస్సు సిబ్బంది మీద జెర్రీ మోరిస్ బృందం చేసిన అధ్యయనం 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కిదిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. ఇక్కడో ట్విస్ట్ ఉంది. 1956లో అదే బృందం యూనిఫాం కొలతలు చూస్తే, డ్రైవర్ల నడుము కొలతే ఎక్కువని తేలింది. అంటే తేడా మొత్తాన్నీ సీటు మీదకి నెట్టలేం. డీబగ్గింగ్‌లో కూడా మొదట కనిపించిన కారణం దగ్గరే ఆగిపోం కదా!

అయినా కూర్చోవడం తగ్గించాలనే మాట నిలబడింది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని, కూర్చునే సమయం తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడిచినప్పుడు పిక్కల కండరాలు పంపులా పనిచేసి, కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆఫ్‌లో ఉన్నట్టే.

వాచ్‌కి ఎలా తెలుస్తుంది?

లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అది మూడు దిశల్లో కదలికని కొలుస్తుంది. నడిచేటప్పుడు ఒకే లయలో వచ్చే ఊపుని గుర్తుపట్టి అల్గారిథం అడుగులు లెక్కేస్తుంది. అందుకే షాపింగ్ ట్రాలీ తోస్తూ నడిస్తే కొన్ని అడుగులు తప్పిపోవచ్చు, చపాతీ పిండి కలిపితే కొన్ని కలవొచ్చు. ఒక్క రోజు నంబర్ కాదు, వారం సగటు చూడండి.

మరి 10,000 అడుగుల టార్గెట్? అది డాక్టర్లు గీసిన గీత కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన మాన్పోకే అనే పెడోమీటర్ పేరు నుంచి పాపులర్ అయింది. మాన్పో అంటే 10,000 అడుగులు. మీ ఇప్పటి సగటు మీద వారానికో 500 పెంచుకుంటూ పోండి చాలు.

ఏం సెట్ చేసుకోవాలి?

యాపిల్ వాచ్‌లో అయితే, గంటలో మొదటి 50 నిమిషాలు కూర్చునే ఉంటే అలర్ట్ వస్తుంది. లేచి ఒక్క నిమిషం కదిలితే ఆ గంట లెక్కలో పడుతుంది. ఫిట్‌బిట్ గంటకి 250 అడుగులు అడుగుతుంది. మిగతా చాలా వాచ్‌లలో ఇదే ఫీచర్ సెడెంటరీ రిమైండర్ పేరుతో ఉంటుంది. వాచ్ లేదా? ఫోన్‌లో టైమర్ చాలు. కానీ ఫోన్ డెస్క్ మీద పెట్టి వెళ్తే అడుగులు లెక్కకి రావు, జేబులో వేసుకోండి.

నేను పాటిస్తున్నవి:
• అలర్ట్ వస్తే డిస్మిస్ కొట్టే ముందు లేచి నిలబడాలి.
• వినడమే పని అయిన కాల్స్‌ని ఇయర్‌బడ్స్ పెట్టుకుని నడుస్తూ వినాలి.
• రెండు లీటర్ల బాటిల్ బదులు అర లీటర్ బాటిల్. అయిపోయిన ప్రతిసారీ లేవక తప్పదు.
• బిల్డ్ రన్ అవుతుంటే రీల్స్ కాదు, కారిడార్‌లో ఒక రౌండ్.

స్టాండింగ్ డెస్క్ కొనబోతున్నారా? కదలకుండా గంటలకొద్దీ నిలబడినా కాళ్లు లాగుతాయి. డబ్బులు పెట్టేముందు ఈ అలవాట్లు ట్రై చేయండి.

మూడు నెలల్లో నా సగటు 5,800కి వచ్చింది. గొప్ప నంబరేం కాదు, కానీ ఆఫీసులో నాలుగో అంతస్తుకి మెట్లెక్కినా ఇప్పుడు ఆయాసం రావట్లేదు. వచ్చే సంక్రాంతికి మళ్లీ అలిపిరి వెళ్తున్నాం. ఈసారి నీళ్ల బాటిల్ పట్టుకుని పైమెట్టు మీద నేను నిలబడాలి.

మీ వాచ్‌లో పోయిన వారం సగటు ఎంతో ఒకసారి చూడండి. నిలబడి చూడండి!