ర్యాంకు వెనకబడిందా? ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లకు చిట్కాలు

ఫలితాలు రాగానే మన దగ్గర వినిపించేవి రెండే మాటలు: బళ్ళారికి పంపుదామా, హైదరాబాదుకా? ఏదో ఒకటి తేల్చేసుకునే ముందు ఇవి చూడండి.

1. పదో తరగతి మార్కులు రాగానే వెతుకులాట మొదలుపెట్టండి. ఆడపిల్లలకు ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో గురుకుల జూనియర్ కళాశాల ఉంది. ఏపీఆర్జేసీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పోటీ తక్కువేమీ కాదు. కానీ సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు, సర్కారు బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. దరఖాస్తు మాత్రం తప్పకుండా పెట్టండి.

2. ఇంటర్‌కు బళ్ళారి, రాయచూరు పంపేముందు పదిసార్లు ఆలోచించండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవే. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు కలిపి మన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఈ పరిధిలో చదివితే స్థానికులే. మధ్యలో సరిహద్దు దాటితే ఆ హోదా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు మంచి ర్యాంకు వచ్చినా మిగతా 15 శాతం కోసం కొట్టుకోవాలి. బస్సు దగ్గరని పంపి నష్టపోవద్దు.

3. లెక్కలంటే భయం లేని పిల్లకైనా పిల్లాడికైనా పాలీసెట్ మంచి తోవ. ఆదోనిలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్, ఈఏపీసెట్ ఒత్తిడి ఉండదు. ఈ తోవను చిన్నచూపు చూసేవాళ్ల మాట పట్టించుకోకండి.

4. కాలేజీ పేరు కన్నా పోయినేడాది చివరి ర్యాంకు చూడండి. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో బ్రాంచీలవారీగా ఉంటుంది. అనంతపురం జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్సు అందని ర్యాంకుకు సివిలో మెకానికలో దొరకొచ్చు. ఊరూపేరూ లేని చోట కంప్యూటర్ సైన్సు కన్నా నా ఓటు దానికే.

5. చాలా డిగ్రీ కళాశాలలకు ప్రవేశ పరీక్ష గండం లేదు. ఆన్‌లైన్ దరఖాస్తు, ఇంటర్ మార్కులు చాలు. ఆదోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, ఎమ్మిగనూరు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఇంటి దగ్గరివి. హాస్టల్ కావాలంటే 1972లో మొదలైన కర్నూలు సిల్వర్ జూబిలీ కళాశాల. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు పోయే ఇళ్లల్లో మాత్రం హాస్టలే మొదటి షరతు. అమ్మానాన్న ఊళ్లో లేని నెలల్లోనే చదువు ఆగిపోయేది.

6. మాచాని సోమప్ప చేనేత సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరులో వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ సంస్థలో పదో తరగతి అర్హతతో మూడేళ్ల డిప్లొమా ఉంది. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన పిల్లలకు ఆ చదువు పరాయిది కాదు.

7. ఏజెంటు "సీటు ఇప్పిస్తా" అంటే అది కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా అని మొదట అడగండి. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

8. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ తేదీ రాకముందే తెచ్చిపెట్టుకోండి. మూతపడిన ప్రైవేటు బడిలో చదివి ఉంటే ఈ వారమే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి.