పాట వెనుక పని

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఒకరు సినీ సంగీత విభావరి బ్యానర్ కడుతుంటారు. ఇంకొకరు ఆటోలోంచి కీబోర్డు, ప్యాడ్స్ దించుతుంటారు. లోపల మైక్ సెట్ ఆయన తీగలు పరుస్తుంటాడు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖ కళాభారతి, రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం దగ్గరా ఇదే సందడి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు వెళ్తే ఒకరోజు గజల్, మరోరోజు కుర్రాళ్ల బ్యాండ్. మన ఊళ్లలో జనం ఎదుట పాడే సంగీతం బాగానే బతికి ఉంది. ఈ సభల్లో కొన్ని ఎవరినో ఆదుకోవడానికి జరుగుతాయి. ఓ పాప ఆపరేషన్ ఖర్చు కావచ్చు, అనాథాశ్రమం పైకప్పు కావచ్చు, వరదలో ఇల్లు పోయిన కుటుంబాలు కావచ్చు.

అలాంటి సభలకు ఎప్పుడూ మనుషులు చాలరు. డిగ్రీ, బీటెక్ చదువుతున్నవారికీ, చదువు పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటున్నవారికీ నేను చెప్పేది ఒక్కటే. ఏడాదికి రెండు మూడు సభలకు వెళ్లి పనిచేయండి. పాడటం రానక్కర్లేదు. వేదిక ఎక్కనక్కర్లేదు. అయితే వెళ్లినచోట ఏదో ఒక బాధ్యతను మొదటి నుంచి చివరి దాకా మీదిగా తీసుకోండి. వీలైతే అది డబ్బు లెక్క కావాలి.

పాటతో జోలె పట్టడం మనకు కొత్త కాదు. 1943 బెంగాల్ కరువు రోజుల్లో ప్రజానాట్యమండలి కళాకారులు బుర్రకథలు చెప్పి బాధితుల కోసం చందాలు పోగుచేశారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జనంలోకి వెళ్లి జోలె పట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఎన్నో కచేరీల రాబడిని ఇతరులకే ఇచ్చేశారు. 1974లో ఆమె అందుకున్న రామన్ మెగసెసె పురస్కారం సంగీతానికి ఇచ్చింది కాదు, ప్రజాసేవకు ఇచ్చింది. హుద్‌హుద్ తుపాను తర్వాత 2014 నవంబరు 30న తెలుగు సినీ పరిశ్రమ ‘మేము సైతం’ నిర్వహించింది. 2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో తలసేమియా బాధితుల కోసం ఎన్టీఆర్ ట్రస్టు తమన్ సంగీత విభావరి ఏర్పాటు చేసింది. వీటన్నిటిలో మనకు గుర్తుండేది వేదిక మీది పేర్లే. చీటీలు రాసినవారు, గేటు దగ్గర నిలబడినవారు, అర్ధరాత్రి నోట్లు లెక్కపెట్టినవారు ఎవరో మనకు తెలియదు. నేను మాట్లాడుతున్నది వాళ్ల గురించే.

డబ్బాలో డబ్బు, చేతిలో చీటీ

నేను మొదటిసారి ఇలాంటి సభకు పనిచేసింది డిగ్రీ రెండో ఏడాదిలో, మా ఊరి టౌన్‌హాల్లో. టికెట్ల కౌంటర్ నాకు అప్పగించారు. హాలు నిండింది, పాటలు బాగా కుదిరాయి, వన్స్‌మోర్‌లు కూడా పడ్డాయి. రాత్రి పదకొండింటికి లెక్క చూస్తే కౌంటర్‌ఫాయిళ్లకూ డబ్బుకూ 3,400 రూపాయల తేడా వచ్చింది. ఎవరూ దొంగిలించలేదు. జనరేటర్ డీజిల్‌కు, టీలకు, పూలదండలకు ఎవరికి అవసరమైతే వాళ్లు వచ్చి నా డబ్బాలోంచే తీసుకెళ్లారు. పాసులు కూడా అమ్మకం పుస్తకంలోంచే చింపి ఇచ్చారు. చీటీ రాయమని అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. తెల్లవారేదాకా కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి తేల్చుకున్నాం. వసూళ్ల డబ్బా వేరు, ఖర్చుల డబ్బా వేరు, పాసుల పుస్తకం వేరుగా ఉండాలని ఆ రాత్రి నేర్చుకున్నాను. తర్వాత నేను చేసిన ప్రతి ఉద్యోగంలోనూ ఆ పాఠం పనికొచ్చింది.

చందా సభల్లో కొత్తవాళ్లు పొరబడేది రాబడి దగ్గరే. 500 సీట్ల హాలు, టికెట్ 200 రూపాయలు అనుకుందాం. హాలు నిండితే లక్ష వస్తుంది. హాలు అద్దె, మైక్ సెట్, లైట్లు, వాద్య బృందం, అచ్చు ఖర్చులు కలిపి 70 వేలు అయితే బాధితుడికి చేరేది 30 వేలే. అమ్ముడైనవి 350 టికెట్లయితే చేరేది సున్నా. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్తారు, ఆదుకోవాల్సిన కుటుంబం చేతికి మాత్రం ఏమీ రాదు. అందుకే అనుభవం ఉన్న నిర్వాహకులు ముందు ఖర్చులు భరించే స్పాన్సర్‌ను వెతుకుతారు. హాలు అద్దె ఒకరు, మైక్ సెట్ ఇంకొకరు పెట్టుకుంటే టికెట్ల డబ్బు ముట్టుకోకుండా మిగులుతుంది. ఆ స్పాన్సర్‌కు ఉత్తరం రాయడం, దుకాణానికి వెళ్లి రెండు నిమిషాల్లో విషయం చెప్పి ఒప్పించడం, సభ తర్వాత లెక్కల కాగితం పట్టుకెళ్లి చూపించడం మీరు చేయగలిగితే చిన్న స్థాయిలో నిధుల సేకరణ ఉద్యోగం చేసినట్టే.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజు రెండు కచేరీలు చేశారు. టికెట్ల మీద వచ్చిన సుమారు 2 లక్షల 43 వేల డాలర్లు యునిసెఫ్‌కు చేరాయి. తర్వాత వచ్చిన ఆల్బమ్, సినిమా రాబడి మాత్రం పన్ను చిక్కుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. పన్ను మినహాయింపు కోసం ముందే చేయాల్సిన కాగితం పని జరగలేదు. అంత గొప్ప సంగీతకారుల కష్టానికి కూడా కాగితం అడ్డుపడింది.

మన దగ్గరి కాగితాల సంగతి కూడా తెలిసి ఉండాలి. టికెట్ కొన్నవారికి బదులుగా పాట దక్కింది కాబట్టి టికెట్ డబ్బును విరాళంగా చూపి పన్ను మినహాయింపు అడగడం కుదరదు. విడిగా ఇచ్చే విరాళానికి, అదీ ఆదాయపు పన్ను శాఖ దగ్గర అందుకు నమోదైన సంస్థకు ఇస్తేనే, ఆ వీలుంటుంది. నగదు 2,000 రూపాయలు దాటితే అదీ లేదు. టికెట్ ధర 500 రూపాయలు మించకపోతే సంగీత కార్యక్రమానికి జీఎస్టీ పడదు. విదేశీ పౌరసత్వం ఉన్న బంధువు డబ్బు పంపుతానంటే, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉందో లేదో చూడాలి. సినిమా పాటలు పాడతారు కాబట్టి రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంస్థ లైసెన్సు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ‘సేవ కోసమే కదా’ అంటే కాపీరైట్ చట్టం వదిలిపెట్టదు. టికెట్ పెట్టారంటే అడగాల్సిందే. ఇవన్నీ కామర్స్ పాఠాల్లో చదివి మర్చిపోతాం. ఒక్క సభకు స్వయంగా చూసుకుంటే జన్మలో మర్చిపోరు.

గేటు దగ్గర

గేటు పని చిన్నదని ఎవరూ అనుకోవద్దు. 2023 నవంబరు 25న కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల టెక్ ఫెస్ట్ జరుగుతోంది. పాటల కార్యక్రమం మొదలవబోతుండగా వాన వచ్చింది. బయటున్నవాళ్లు తలదాచుకోవడానికి ఒక్కసారిగా ఆడిటోరియంలోకి తోసుకొచ్చారు. మెట్ల మీద పడి నలిగి నలుగురు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు విద్యార్థులు. కాలేజీ ఫెస్టుల్లో గేటు దగ్గర నిలబడేది మీలాంటివాళ్లే. లోపల ఎన్ని సీట్లున్నాయి, ఇప్పటికి ఎందరు వెళ్లారు, రెండో ద్వారం తాళం ఎవరి దగ్గరుంది, వాన పడితే జనాన్ని ఎటు పంపాలి, మైకులో ప్రకటన చేసే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబులు తెలియకుండా గేటు దగ్గర నిలబడవద్దు. నిర్వాహకులు చెప్పకపోతే మీరే అడగండి. అడిగినందుకు విసుక్కుంటే ఆ సభకు పనిచేయకండి.

రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదనేది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. కొన్ని ప్రత్యేక రోజులకు ప్రభుత్వం సడలింపు ఇస్తుంది, అదీ ఏడాదిలో 15 రోజులు మించకుండా. పోలీసు అనుమతి కాగితం మీద ఉన్న సమయాన్ని గాయకులకు ముందే చెప్పాలి. తొమ్మిదీ యాభైకి చివరి పాట మొదలవ్వాలంటే ఏడింటికి సౌండ్ చెక్ ముగియాలి, అంటే అయిదింటికే తీగలు పరిచి ఉండాలి. ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ పని పంచడమే స్టేజ్ మేనేజర్ చేసే పని. ప్రసంగాలు ఎక్కువైతే పాటలు కోసేయాల్సి వస్తుంది. అప్పుడు ముఖ్య అతిథిని నొప్పించకుండా ముగించమని చెప్పగలగడం కూడా ఈ పనిలో భాగమే. ఏ తరగతి గదిలోనూ దొరకని శిక్షణ అది.

సౌండ్ మీద ఆసక్తి ఉంటే మైక్ సెట్ ఆయన్ను మించిన గురువు లేడు. “అన్నా, తీగలు నేను చుడతాను, పని నేర్పు” అని అడిగి చూడండి. కాదనేవాళ్లను నేను చూడలేదు. తీగను మోచేతికి చుట్టకూడదని, చుడితే లోపల మెలిపడి తెగుతుందని మొదటి రోజే చెబుతాడు. మైక్ ఎందుకు కూస్తుందో, గాయకుడి ఎదుట నేల మీద పెట్టే స్పీకర్ దేనికో, తబలా మైక్ ఏ కోణంలో పెట్టాలో చేతులతో చేస్తేనే వస్తుంది. సౌండ్ ఇంజినీరింగ్ కోర్సుకు లక్షలు కట్టేముందు ఇలా నాలుగు సభలు చేసి చూడండి. ఆ పని మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

ఊరు దాటితే

పైచదువులకు బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులకు ఒక మాట. అక్కడ గ్లాస్టన్‌బరీ లాంటి సంగీతోత్సవాల్లో ఆక్స్‌ఫామ్ సంస్థ తరఫున వాలంటీర్లు గేట్లు, దారులు చూసుకుంటారు. ఆ పనికి ఉత్సవ నిర్వాహకులు ఇచ్చే డబ్బు వాలంటీర్లకు కాదు, నేరుగా ఆక్స్‌ఫామ్‌కు వెళ్తుంది. వాలంటీరు శ్రమే విరాళమవుతుంది. మన ఊళ్లలోనూ ఈ పద్ధతి రావాలని నా కోరిక. పెద్ద టికెట్ల కచేరీకి ఒక కాలేజీ ఎన్ఎస్ఎస్ బృందం గేట్లు చూస్తే, ఆ కూలి డబ్బు ఊరి ఆస్పత్రికి పోవచ్చు. అయితే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. జీతం లేని పనుల్లో కూడా కొన్నిటిని బ్రిటన్ వారానికి అనుమతించిన పని గంటల్లో కలుపుతుంది. అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఉన్నవారు, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేస్తే చిక్కుల్లో పడతారు. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగాకే చేరండి. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా సభల్లో సంగీత విభావరులు నడిపించేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసే తెలుగువారే. కొత్తగా వెళ్లినవారికి అది మంచి పరిచయ వేదిక.

దగా గురించి కూడా చెప్పాలి. సేవ పేరుతో విద్యార్థుల చేత వెట్టిచాకిరీ చేయించుకునేవారున్నారు. వేలకు వేలు టికెట్ పెట్టి లాభానికి కచేరీ చేసే కంపెనీ ‘వాలంటీర్లు కావాలి’ అంటే అది సేవ కాదు, మీకు కూలి ఎగ్గొట్టడం. ‘ఇంటర్న్‌షిప్’ పేరుతో మీ బంధుమిత్రుల దగ్గర ఇంత వసూలు చేస్తేనే సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థలూ ఉన్నాయి. అలాంటిచోట మీ పరపతిని అమ్ముకుంటున్నట్టే. చేరేముందు సంస్థ పేరు ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో చూడండి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన నమోదు పత్రాలు అడగండి. పోయినసారి సభకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరికి చేరింది అని అడగండి. చెప్పలేనివాళ్ల కోసం చెమటోడ్చకండి. మీ వ్యక్తిగత ఫోన్‌పే నంబరు మీద చందాలు తీసుకోవడానికి మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవారు రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తి చేయాలి. ఇలాంటి సభ పని ఆ గంటల్లోకి వస్తుందో లేదో ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను ముందుగా అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇక కొలువుల మాట. ఈవెంట్ మేనేజ్‌మెంట్, ఆడిటోరియాల నిర్వహణ, సౌండ్, కళాకారుల కార్యక్రమాలు చూసుకునే సంస్థలు ఈ అనుభవానికి నేరుగా విలువిస్తాయి. నేను ఎక్కువగా చెప్పేది మాత్రం స్వచ్ఛంద సంస్థల నిధుల సేకరణ, కంపెనీల సీఎస్ఆర్ విభాగాల గురించి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ డబ్బు సరైనచోటికి చేరిందని చూపగల మనుషులు అటు కంపెనీకీ కావాలి, ఇటు సంస్థకూ కావాలి. ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూ చదివిన చాలామందికి లెక్కల కాగితం తయారుచేసిన అనుభవం ఉండదు. మీకు ఉంటే ముందు వరుసలో ఉంటారు.

బయోడేటాలో ‘ఛారిటీ కచేరీకి వాలంటీర్‌గా పనిచేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘600 సీట్ల హాల్లో రెండు గేట్ల దగ్గర ఎనిమిది మందితో టికెట్ల తనిఖీ చూశాను, అమ్మిన టికెట్లకూ వసూలైన డబ్బుకూ అదే రాత్రి లెక్క సరిచూసి సంస్థ కోశాధికారికి అప్పగించాను’ అని రాయండి. మీరు నిజంగా చేసిందే రాయండి, అంకెతో రాయండి. ఇంటర్వ్యూలో ఆ వాక్యం మీద కచ్చితంగా ప్రశ్న వస్తుంది. జరిగింది జరిగినట్టు చెబితే చాలు. పొరపాటు జరిగి సరిదిద్దుకున్న సంగతి ఉంటే అది కూడా చెప్పండి. నా టౌన్‌హాల్ కథ నేను ఇంటర్వ్యూల్లో చెప్పాను, ఉద్యోగం వచ్చింది.

ఈ వారమే మీ ఊరి కళాక్షేత్రం దాకా వెళ్లి నోటీసు బోర్డు చూడండి. చందాల కోసం ఏదైనా సభ ఉంటే నిర్వాహకుల నంబరు రాసుకుని, టికెట్ల కౌంటర్ దగ్గర మనిషి కావాలా అని అడగండి. వెళ్లేటప్పుడు రెండు డబ్బాలు, ఒక చీటీల పుస్తకం మీరే తీసుకెళ్లండి.