ద్వారకలో ఓడిన ఆజ్ఞ, దూబగుంటలో గెలిచిన పాఠం

ఈ వారం వీడియోలో మౌసల పర్వం చెప్పుకున్నాం కదా. అది విన్నవాళ్లకి సహజంగా ఒక సందేహం వస్తుంది. యాదవులకి మునుల శాపం ఉంది, ముసలం పుట్టింది, వంశం పోయింది. మధ్యలో ఈ మద్యం గొడవ వ్యాసుడు ఎందుకు పెట్టాడు? వీడియోలో టైమ్ సరిపోలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ద్వారకలో ఏం జరిగింది?

శాపం సంగతి తెలియగానే ద్వారకలో చాటింపు వేయించారు. నగరంలో ఎవరూ మద్యం తయారుచేయకూడదు, చేస్తే కుటుంబంతో సహా కొరత వేస్తాం అని. కృష్ణుడు, బలరాముడు ఉన్న ఊరు, అంత కఠినమైన శిక్ష. జనం భయపడి మానేశారు. కానీ తీర్థయాత్రకని సముద్రపు ఒడ్డున ఉన్న ప్రభాసానికి వెళ్లాక ఏం చేశారు? మళ్లీ తాగారు. మత్తులో సాత్యకి, కృతవర్మ పాత పగలు తవ్వుకున్నారు. మాట మాట పెరిగి, తుంగపరకలే రోకళ్లయ్యాయి. తండ్రి కొడుకునీ, కొడుకు తండ్రినీ చంపుకున్నారని భారతం చెబుతుంది.

గమనించండి. చాటింపు జనం చేతులు కట్టేసింది గానీ మనసు మార్చలేదు. ఊరు దాటగానే ఆజ్ఞ కూడా ఊళ్లోనే ఉండిపోయింది.

మన జిల్లాలో ఏం జరిగింది?

నేను నెల్లూరు తీరం మనిషిని. కార్తీక పౌర్ణమికి మైపాడులో సముద్రస్నానం చేసే మన జనాన్ని చూస్తే నాకు ప్రభాసమే గుర్తొస్తుంది. మన తీరానికి పడమరగా, కలిగిరి మండలంలో దూబగుంట అనే పల్లె ఉంది. ద్వారకలో రాజాజ్ఞ చేయలేని పని అక్కడ ఆడవాళ్లు మొదలుపెట్టారు.

1990 దశకం మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలక పట్టారు. వాళ్ల వాచకంలో ఒక పాఠం ఉంది. ఒక ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించిన కథ. అది చదివాక, "మనూళ్లో ఎందుకు కాదు?" అన్న ఆలోచన వచ్చింది. అంతకుముందు ఎవరింటి ఏడుపు వాళ్లింట్లోనే ఉండేది. కూలి డబ్బు సారా ప్యాకెట్లకి పోవడం, రాత్రి దెబ్బలు, పొద్దున పస్తులు. బడిలో పక్కపక్కన కూర్చున్నాక తెలిసింది, అందరిదీ ఒకే ఏడుపని. దూబగుంట రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు, ఊళ్లో సారాని అడ్డుకున్నారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారు.

అంటే చట్టం వచ్చింది, వెళ్లింది. అంతకుముందే ఆ ఇళ్లలో ఒక మార్పు జరిగింది. ఆడవాళ్లు నోరు విప్పారు. నా దృష్టిలో అసలు పాఠం అదే.

తాత, నాన్న, మనం

తాతల కాలంలో సారా. నాన్నల కాలంలో క్వార్టర్ సీసా. మన కాలంలో వీకెండ్ బీరు, గంజాయి, వేప్. పేర్లు మారాయి గానీ చేతులు మారే పద్ధతి మాత్రం మారలేదు. బీడీ కట్ట తెమ్మని మనవణ్ణి అంగడికి పంపుతాం. జలుబుకి రెండు చుక్కల బ్రాందీ అంటాం. పెళ్లికీ, చావుకీ, ఎలక్షన్‌కీ మందు ఉండాల్సిందే అంటాం. పిల్లలు మన ఉపన్యాసం వినరు, మన ఇంటిని చూస్తారు. పైగా పాతికేళ్ల వయసు దాకా మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అలవాటు ఎంత చిన్న వయసులో మొదలైతే, వదిలించుకోవడం అంత కష్టం.

"శివుడే తాగాడు కదా గురూజీ" అని కొందరు కుర్రాళ్లు నవ్వుతూ అంటారు. నాన్నా, శివుడు పుచ్చుకున్నది హాలాహలం. లోకం కాలిపోకుండా తన గొంతులో ఆపుకున్నాడు. మత్తు కోసం కాదు. మనం తాగితే ఆ విషం మన గొంతులో ఆగదు, అమ్మ దాకా, చెల్లి దాకా వెళ్తుంది.

ఈ వారం సాధన

అయ్యప్ప మాల వేసినప్పుడు నలభై ఒక్క రోజులు ఎంతోమంది చుక్క ముట్టరు. ఎలా సాధ్యం? గురుస్వామి ఉంటాడు, తోటి స్వాములు ఉంటారు, ఇల్లంతా ఆ నియమంలోకి వస్తుంది. దూబగుంట రాత్రి బడిలో ఉన్న బలమూ ఇదే, నలుగురి తోడు. మాల తీసిన రోజే చాలామంది జారిపోతారు, ఎందుకంటే ఆ తోడు కూడా ఆ రోజే విడిపోతుంది. ఆ నలుగురినీ మాల తీశాక కూడా వదలకండి.

ఈ వారం ఒక్క పని చేయండి. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు టీవీ, ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. తాతయ్యని, నాన్నని నిందించకుండా, దీనివల్ల మన ఇల్లు ఏం పోగొట్టుకుందో మాట్లాడుకోండి.

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లని ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ సాయంతోనే మాన్పించాలి. అది జబ్బు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.

దేవుడి గదిలో పెట్టే దీపం లాంటిదే ఈ మాట కూడా. ఒక్కరు వెలిగిస్తే చాలు, వెలుతురు ఇల్లంతా పడుతుంది. మీ ఇంట్లో ఆ ఒక్కరు మీరే అవ్వండి. శుభం.